తడవకుండా చేపలు పట్టడమెలా

దేవుడు మనిషికి రెండు చేతులే ఇచ్చాడన్న సంగతి మామూలు రోజుల్లో అంతగా బాధించదు గాని, ఒక చేత్తో గొడుగు, మరొక చేత్తో గాలపు కర్ర పట్టుకుని బందరు కాలువ గట్టున నిలుచున్నప్పుడు ముక్కు మీద దోమ వాలితే ఆ లోటు బాగా తెలిసివస్తుంది. నాకు ఆ జ్ఞానం మఖ కార్తెలో ఒక ఆదివారం నాడు కలిగింది.

మఖ ఉరిమితే మదురు మీది కర్రయినా పండుతుందని పెద్దలు చెప్పారు. కర్ర పట్టుకున్నవాడి గతి ఏమిటో వారు చెప్పలేదు. ఆ ఉదయం కొండపల్లి వైపు మబ్బు పట్టి ఉండగా, ఫోను మాత్రం తేలికపాటి జల్లులని భరోసా ఇచ్చింది. ముసురు పట్టిన రోజే చేప బాగా మేస్తుందనీ, వాన నీటితో పాటు గట్టు మీది పురుగూ పుట్రా కాలువలోకి జారుతుంది గనుక చేపలు ఒడ్డు దగ్గరకు వస్తాయనీ మా బావమరిది సిద్ధాంతం. ఏటికే పోదామని నేను ఉబలాటపడ్డాను గాని, పైనుంచి వరద వస్తోందని అతడు ఒప్పుకోలేదు. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారన్న లెక్క అతడికి నోటికి వచ్చు. “హెచ్చరిక వచ్చేదాకా ఆగి పరుగెత్తే వయసు కాదు బావా మీది” అన్నాడు. అలా బందరు కాలువ ఖాయమైంది. కృష్ణ మీద 1855లో పూర్తయిన ఆనకట్ట పోయి, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చినా, ఆ కాలువ మాత్రం ఊరి మధ్య నుంచి తన దారిన తాను పోతూనే ఉంది.

బయలుదేరే ముందు మా ఆవిడను చింతపండు నానబెట్టి మసాలా నూరి ఉంచమన్నాను. “పులుసు ఎలాగూ పెడతాను లెండి” అన్నదామె. ఆ మాటలో నా మీద నమ్మకమే వినిపించింది నాకు.

నా సరంజామా గురించి కొంత చెప్పాలి. ఆన్‌లైన్‌లో తెప్పించిన కార్బన్ గాలపు కర్ర, దానికో రీలు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, తలకు కుచ్చు టోపీతో కూడిన రెయిన్‌కోటు, మా మామగారి కాలం నాటి నల్ల గొడుగు, వానపాముల డబ్బా, తవుడులో వేరుశనగ చెక్క కలిపి చుట్టిన ఉండలు. బావమరిది ఒక వెదురు కర్ర, ఒక యూరియా గోతం తెచ్చుకున్నాడు. గోతం దేనికని అడిగితే చేపలు వేసుకోవడానికన్నాడు.

మొదటి అరగంట చినుకే లేదు. అయినా నేను పూర్తిగా తడిసిపోయాను. బెజవాడ ఉక్కపోతలో గాలి చొరని కోటు తొడుక్కుంటే వాన బయటి నుంచి రానక్కరలేదని ఆ కోటు అమ్మినవాడు చెప్పి ఉండవలసింది. కోటు విప్పి భుజాన వేసుకున్నానో లేదో, అదే అదనుగా జల్లు మొదలైంది. మళ్లీ తొడుక్కోబోతే ఒక చెయ్యి టోపీలోకి పోయింది. ఎలాగో సర్దుకుని, గాలాన్ని నీళ్లలోకి విసిరే ఊపులో వెనక్కి తిప్పితే, ముల్లు పోయి నా వీపు మీది కోటుకే గుచ్చుకుంది. బలంగా లాగాను. కోటు వీపు బెత్తెడు చిరిగింది.

వానలో గాలం వేసేవాడికి అసలు శత్రువు తడి కాదు, బెండు. నిలకడ నీటి మీద బెండు కదిలిందంటే కింద ఎవరో ఉన్నారని అర్థం. చినుకులు పడుతున్నప్పుడు బెండు అదే పనిగా ఎగురుతుంది, మునుగుతుంది, అటూ ఇటూ తల తిప్పుతుంది. చేప కొరికిందో చినుకు కొట్టిందో తేల్చుకోలేక నేను పదిహేడు సార్లు గాలం లాగాను. ఆ పదిహేడు లాగుళ్లకూ ఎర ఊడిపోవడంతో కొత్త ఎర కోసం డబ్బా మూత తీసి పెట్టి, మళ్లీ వేయడం మరిచిపోయాను. వానపాములకు ఆ పేరు ఊరికే రాలేదు. నాలుగు చినుకులు లోపల పడగానే అవి డబ్బా అంచెక్కి, ఒకదాని వెంట ఒకటిగా, ఎవరినీ నొప్పించకుండా గడ్డిలోకి వెళ్లిపోయాయి. తవుడు ఉండలు అంతకు ముందే జావగా మారి సంచి అడుగు నుంచి కారుతున్నాయి.

అప్పుడు గాలి వచ్చింది. గొడుగు వెనక్కి విరుచుకుని, నా చేతిలోంచి లేచి కాలువలో వెల్లకిలా పడి, పడవలా బందరు దారి పట్టింది. మామగారి గొడుగు గనుక బావమరిది నాకంటే ఎక్కువగా కంగారుపడి, గట్టు వెంట పరుగెత్తి, మూడో విసురుకు వెదురు గాలాన్ని దాని కమ్మికి తగిలించాడు. ఆ రోజు మా గాలానికి చిక్కినవన్నీ లెక్క వేస్తే ఆ గొడుగు ఒక్కటే వస్తుంది.

ఇంతలో మెరిసింది. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరమని నేను వివరిస్తూ తొమ్మిది దాకా లెక్కపెట్టేసరికి ఉరిమింది. “లెక్క తరువాత చూద్దాం, ముందు ఆ కర్ర దించండి బావా” అని బావమరిది అరిచాడు. కార్బన్‌లో కరెంటు చక్కగా ప్రవహిస్తుందన్న విషయం, దాన్ని ఆకాశం వైపు ఎత్తి పట్టుకుని ఉన్నప్పుడే గుర్తుకు రావడం నా చదువుకు పట్టిన దుర్గతి. కర్రను గట్టు మీదే పడుకోబెట్టి, చెట్టు కిందికి వెళ్లబోతున్న నన్ను అతడు చెయ్యి పట్టుకుని లాగి, గట్టు దిగువన స్లాబు వేసిన టీ హోటల్లోకి చేర్చాడు.

అక్కడ ముందే చేరి ఉన్న ఒక పెద్దాయన నా బూట్ల నుంచి కారుతున్న నీళ్లను చాలాసేపు పరిశీలించాడు. మోకాళ్ల దాకా ఉన్న బూటులోకి నీళ్లు పై నుంచి దిగితే బయటకు పోయే దారి లేదు మరి. “ఎర్ర నీళ్లు దిగినాయండీ, ఇంక బొచ్చె రాదు. జెల్లలయితే మీసాలతో తడుముకుంటా వస్తయ్యి” అని ఆయన సెలవిచ్చాడు. జెల్లలకు ఏ ఎర మంచిదని ఆశగా అడిగాను. “వానపాములండీ” అన్నాడు.

ఉరుములు ఆగాక అరగంట కూర్చుని బయటకు వచ్చాము. బావమరిది యూరియా గోతం ఒక మూలను మరొక మూలలోకి మడిచి తలకు తగిలించుకుని పొడి చొక్కాతో నడిచాడు. చేపలు వేసుకోవడానికన్నావు గదా అంటే, “మీరు వస్తున్నారని తెలిశాక ఉపయోగం మార్చుకున్నాను” అన్నాడు.

మా వీధిలో పిక్కల దాకా నీళ్లు నిలిచి ఉన్నాయి. పొంగిన మురుగు కాలువలోంచి కొత్త నీటికి ఎదురెక్కి వచ్చిన ఒక మట్టగిడిసను మా గేటు ముందే ఇద్దరు పిల్లలు ప్లాస్టిక్ బకెట్టుతో పట్టి, నా కార్బన్ కర్రను చూసి, “అంకుల్, మీకేం పడ్డాయి?” అని మర్యాదగా అడిగారు. నేను వినిపించనట్టు గేటు తీశాను.

వంటింట్లోంచి పులుసు వాసన వస్తోంది. తల తుడుచుకుంటూ వెళ్లి మూత తీసి చూస్తే, నూరమన్న మసాలాతో, నానబెట్టమన్న చింతపండు రసంలో ఎనిమిది కోడిగుడ్లు ఉడుకుతున్నాయి. వాన మొదలయ్యాక పెట్టావా అని అడిగాను.

“మీరు బూట్లు తొడుక్కుంటున్నప్పుడే గుడ్లు పొయ్యి మీద వేశానండీ” అన్నది మా ఆవిడ.