ఆయిల్ బాత్ పీకేసి కోన్ ఫిల్టర్ పెడితే పికప్ పెరుగుద్దా?

పాత లారీలు, జీపులు ఉన్నవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ (ఇంజిన్‌లోకి పోయే గాలిలో దుమ్ముని అడుగు గిన్నెలో పోసిన ఆయిల్‌తో పట్టేది) పాతకాలపు డబ్బా, దుమ్ము ఆపదు, గాలి ఆడనివ్వదు, దాన్ని పీకి గరాటు ఆకారంలో డబ్బా లేకుండా ఉండే ఒక కోన్ ఫిల్టర్ బిగించేస్తే పికప్ పెరుగుద్ది, మైలేజీ రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువొస్తుంది, ఆ గిన్నెలో ఆయిల్‌ని ఇంజిన్ లాగేసే భయం ఉండదు, సర్వీసు గొడవా ఉండదు అని. ఇందులో కొంచెం నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు.

ముందు ఆ "దుమ్ము ఆపదు" సంగతి. ఆపుద్దండీ. గాలి కిందికి దిగి ఆయిల్ దాకా వచ్చి అక్కడ ఒక్కసారిగా వెనక్కి తిరగాలి, బరువైన దుమ్ము తిరగలేక ఆయిల్‌లో పడిపోద్ది, మిగిలింది ఆయిల్ తుంపరతో తడిసిన జాలీకి అంటుకుని మళ్లీ కిందికి కారిపోద్ది. ఐడిలింగ్‌లో గాలి వేగం ఉండదు కాబట్టి సన్నటి దుమ్ము జారిపోవడం దీని లోపం. ఆయిల్ బాత్ సుమారు 95 నుంచి 98 శాతం దాకా పడుతుంది, మంచి పేపర్ ఎలిమెంట్ (మడతల కాగితం ఫిల్టర్) 99.5 పైనే. తేడా ఇంతేనా అనుకోకండి, 100 గ్రాముల దుమ్ములో 5 గ్రాములు లోపలికి పోవడానికీ అర గ్రాము పోవడానికీ పది రెట్లు తేడా. అంచేత పేపర్‌కి మారతానంటే నేనేం వద్దనను. కానీ మెసేజ్‌లో చెప్పే కోన్ చాలావరకు పేపరే కాదు, ఆయిల్ పట్టించిన కాటన్ జాలీ, గాలి ధారాళంగా పోవడం కోసం చేసింది, సన్న దుమ్ము దగ్గర పేపర్‌తో పోటీ పడలేదు.

పికప్, మైలేజీ అంటారా, పాత డీజిల్ ఇంజిన్‌లో పవర్‌కి హద్దు పెట్టేది, సిలిండర్లలోకి డీజిల్ కొట్టే పంపు సెట్టింగు. పంపు కొట్టే డీజిల్ మండడానికి కావాల్సిన దానికంటే గాలి ఎప్పుడూ ఎక్కువే పోతుంది, ఇంకాస్త పోతే ఒరిగేదేం లేదు. మరి కొంతమందికి తేడా తెలిసిందే అంటే, వాళ్ల జాలీ ఏళ్లుగా కడక్క మూసుకుపోయి ఉంటది, డీజిల్‌తోనో కిరసనాయిల్‌తోనో కడిగినా అదే తేడా వచ్చేది. పైగా కోన్‌ని బానెట్ కింద రేడియేటర్ వెనకాల పెడితే అది పీల్చేది వేడిగాలి.

అసలు కొంప ముంచేది జాయింటు. 5.7 లీటర్ల ఆరు సిలిండర్ల లారీ ఇంజిన్ 2,000 ఆర్‌పీఎంలో నిమిషానికి దగ్గర దగ్గర 5,000 లీటర్ల గాలి లాగుద్ది. కోన్ మెడ ఒక సైజు, పాత పైపు ఇంకో సైజు, మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి క్లిప్పు బిగిస్తారు, వైబ్రేషన్‌కి అది కాస్త జరిగిందంటే ఆ సందులోంచే దుమ్ము పోద్ది, ఇక ఫిల్టర్ ఎంత గొప్పదైతే ఏంటి. అనుమానం ఉంటే హోస్ ఊడదీసి లోపల తెల్లగుడ్డతో తుడవండి, సందు ఉన్నవైపు ఎర్రమట్టి చార కనపడుద్ది. ఆ మట్టి సిలిండర్ గోడ మీది ఆయిల్‌తో కలిసి వాల్వులు రుద్దే పేస్టులా తయారవుద్ది, పిస్టన్ రింగులు, సిలిండర్ లైనర్లు అరిగి బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) నుంచి పొగ మొదలవుద్ది.

హరికేన్ అనే పాత పెట్రోల్ ఇంజిన్ ఉన్న జీపుల వాళ్లు ఇంకోటి కూడా చూసుకోవాలి. ఆయిల్ పోసే గొట్టం నుంచి ఎయిర్ క్లీనర్‌కి ఒక రబ్బరు హోస్ వెళ్తుంది, ఇంజిన్ లోపలికి శుభ్రమైన గాలి అందేది దాంట్లోంచే. క్లీనర్ పీకేసి ఆ హోస్ అలా వేలాడదీస్తే దుమ్ము నేరుగా ఇంజిన్ ఆయిల్ ఉండే సంప్‌లోకే.

"ఆయిల్ బాత్‌లో ఆయిల్‌ని ఇంజిన్ లాగేసుకుని ఆగకుండా పరిగెత్తుద్ది" అన్నది అబద్ధం కాదు, గిన్నెలో గుర్తు దాటి పోస్తే డీజిల్ ఇంజిన్‌లో జరుగుద్ది. వాగు దాటినప్పుడు నీళ్లు చేరినా ఆయిల్ పైకి తేలి మట్టం పెరుగుద్ది. గుర్తు దాకానే పోయండి, నీళ్లు చేరితే మొత్తం వంపేసి కొత్తది పోయండి, అంతే.

ఇక సర్వీసు ఉండదన్నది శుద్ధ అబద్ధం. క్వారీ రోడ్లలో, నూర్పిళ్ల టైమ్‌లో పేపర్ చాలా తొందరగా పూడుకుపోద్ది. అప్పుడు లారీ టైర్ల గాలితో ఊదించేస్తారు, ఆ ప్రెషర్ 100 పీఎస్‌ఐ దాటే ఉంటది, పేపర్‌కి 30 చాలు, అదీ లోపల్నుంచి బయటికి. ఊదాక చీకట్లో ఎలిమెంట్ లోపల బల్బు పెట్టి చూడండి, చుక్కల్లా వెలుతురు వస్తే దాన్ని పారేయడమే.

మార్చాలనే ఉంటే అంతే సీసీ ఉన్న ఇంజిన్‌కి వచ్చే మూత డబ్బా ఉన్న డ్రై ఎయిర్ క్లీనర్ (ఆయిల్ లేని పేపర్ రకం) చూసుకోండి, లోపలా బయటా రెండు ఎలిమెంట్లు ఉండేది, పూడుకుపోతే ఎర్రగీత చూపించే ఇండికేటర్ ఉండేది. లోపలి ఎలిమెంట్‌ని ఊదకూడదు, కడక్కూడదు, టైమ్‌కి మార్చేయడమే. హోస్ లాగుడుకి నొక్కుకుపోని గట్టిది వేయించండి. తీసేసిన ఆయిల్ బాత్ మాత్రం తుక్కుకి వేయకండి, బండిని వింటేజ్ లెక్కన అమ్మే రోజున కొనేవాడు ముందు అడిగే వాటిలో అదొకటి.