ఇంటి పన్ను రసీదులో ఉన్న గ్రంథాలయం

గుంటూరులో మా ఇంటికి దగ్గరున్న శాఖా గ్రంథాలయంలో మొన్న ఒక కథల పుస్తకం తీసుకున్నాను. వెనక అట్టకు అతికించిన తేదీల చీటీ మీద చివరి ముద్ర 2011 నాటిది. పుస్తకం బాగోలేక కాదు, బీరువాకు తాళం. తాళంచెవి ఉండే లైబ్రేరియన్‌కు ఇంకో శాఖ కూడా అప్పగించారు, ఇక్కడికి వారానికి మూడు రోజులే వస్తారు. మిగతా రోజుల్లో పేపర్లు చదువుకుని వచ్చేయడమే.

ఏం చేస్తే బాగుపడుతుందంటే కొత్త భవనం, కంప్యూటర్లు అంటారు. రంగులు వేసి రిబ్బన్ కత్తిరిస్తారు. రెండేళ్లకు మళ్లీ మొదటికే వస్తుంది. నిలిచే మార్పు కావాలంటే ముందు డబ్బు వచ్చే దారి సరిచేయాలి.

ఆ డబ్బు మనం ఇప్పటికే కడుతున్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 5 వేల పన్ను మీద 400 రూపాయలు. వసూలు చేసేది మున్సిపాలిటీ, పంచాయతీ. ఖర్చు పెట్టాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థ. చిక్కంతా ఈ మధ్యలోనే ఉంది. వసూలైన సెస్సు వేరే అవసరాలకు సర్దుబాటైపోయి, సంస్థకు బకాయిగా మిగలడం ఏళ్లుగా వింటున్నదే. పన్ను ఆన్‌లైన్‌లో కట్టే రోజులివి. కట్టగానే ఆ 8 పైసలు నేరుగా సంస్థ ఖాతాలో పడేలా చేయడం అంత కష్టమా?

ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది 1914లో, మన బెజవాడలోనే. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికే జీవితం ధారపోశారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో ఊళ్లకు పుస్తకాలు పంపించారు. అలాంటి మనుషులు ప్రతి తరంలోనూ దొరకరు. వాళ్లు లేకపోయినా తలుపులు తెరిచి ఉండాలంటే చట్టం చెప్పిన ఆదాయం చేతికి రావాలి.

వస్తే మొదట లైబ్రేరియన్ ఖాళీలు నింపాలి. శాఖకు ఒక మనిషి, అదీ పూర్తికాలం. ఆ తర్వాతే పుస్తకాలు.

పోటీ పరీక్షల పిల్లల వల్ల గ్రంథాలయాలు స్టడీ హాళ్లయిపోయాయని కొందరి బాధ. నేనలా అనుకోను. పొద్దున్నే క్యారేజీ, కుర్చీలో వేసుకోడానికి చిన్న దిండు తెచ్చుకుని సాయంత్రం దాకా కదలని ఆ పిల్లలే ఇవాళ మన పాఠకులు. వాళ్లకు రాత్రి తొమ్మిదింటి దాకా లైటు, ఫ్యాను కావాలి. ఆడపిల్లలకు తలుపు సరిగా పడే బాత్రూమ్ కావాలి. మా శాఖలో గడియ ఊడిపోయి చాలా కాలమైంది. ఒకమ్మాయి లోపలికి వెళ్తే ఇంకొకమ్మాయి బయట కాపలా నిలబడుతోంది.