కోత అయిపోయిన చేలో వెండి పరిగె

డైమ్ అంటే అమెరికాలో 10 సెంట్ల బిళ్ల. 50 డైములు కాగితంలో బిగించి చుడితే ఒక రోల్. అలాంటి 50 రోల్స్ అట్టపెట్టెలో సర్దితే ఒక బాక్స్. అంటే 2,500 బిళ్లలు, 250 డాలర్లు. బ్యాంకులో ఖాతా ఉండి, కౌంటర్లో మర్యాదగా అడిగితే, ఆ 250 డాలర్లకే ఇస్తారు. పైసా ఎక్కువ తీసుకోరు.

శనివారం పొద్దున్నే డైనింగ్ టేబుల్ మీద పాత తువ్వాలు పరుస్తాను. అది లేకపోతే ఆ గలగలకి ఇంటిల్లిపాదీ లేచిపోతారు. ఒక్కో రోల్ చించి, బిళ్లల్ని పుస్తకాల వరసలా పక్కపక్కనే నిలబెట్టి, పైనుంచి అంచులు మాత్రం చూస్తాను. తేదీలు చదవక్కర్లేదు. ఇప్పటి డైముకి లోపల రాగి, రెండు వైపులా రాగి–నికెల్ రేకు అతికించి ఉంటాయి. అందుకే అంచు మీద ఎర్రటి గీత కనిపిస్తుంది. యాభై ఎర్రగీతల మధ్య ఒక్కటి గీత లేకుండా తెల్లగా కనబడిందా, అది వెండి. వేలితో పైకి తీసి టేబుల్ మీద పడేస్తే చప్పుడు కూడా వేరుగా ఉంటుంది. మామూలు డైము టిక్కుమంటుంది, ఇది ఖంగుమంటుంది.

అమెరికాలో ఈ సరదాని కాయిన్ రోల్ హంటింగ్ అంటారు. వేట అనే మాట దీనికి నప్పదని నా అభిప్రాయం. మన ఊళ్లలో వరి కోసి, కుప్పలు నూర్చి, బండ్లు ఇంటికి తోలుకుపోయాక, చేలో రాలిన వెన్నుల్ని పిల్లలూ ముసలివాళ్లూ ఏరుకునేవారు. పరిగె ఏరుకోవడం అనేవాళ్లం. బ్యాంకు రోల్స్‌లో వెండి వెతకడం అచ్చంగా అదే. కోత ఎప్పుడో అయిపోయింది. అది ఎలా జరిగిందో తెలుసుకుంటే తప్ప, ఇంకా గింజలు ఎందుకు మిగిలాయో అర్థం కాదు.

1964 వరకూ అమెరికా డైము, క్వార్టర్ (25 సెంట్లు), హాఫ్ డాలర్ (50 సెంట్లు) మూడింటిలోనూ 90 శాతం వెండి, 10 శాతం రాగి ఉండేవి. 1960ల మొదట్లో ఫోటో ఫిల్ముకి, ఎలక్ట్రికల్ పరిశ్రమకి వెండి గిరాకీ పెరిగింది. గనుల నుంచి వచ్చేది చాల్లేదు. వీధివీధినా బిళ్ల వేస్తే సరుకిచ్చే వెండింగ్ మెషీన్లు వచ్చి చిల్లరకి కరువు తెచ్చాయి. ఒక డాలరు విలువైన డైముల్లో, కొత్తగా ముద్రించినప్పుడు, 0.72 ట్రాయ్ ఔన్సుల (వెండి, బంగారం తూచే కొలత) వెండి ఉంటుంది. వెండి ధర ఔన్సు 1.38 డాలర్లు దాటితే, బిళ్ల మీద రాసిన విలువకన్నా బిళ్లలోని వెండికే ఎక్కువ రేటు వస్తుంది. అప్పుడు ఏ మూర్ఖుడూ దాంతో కోకాకోలా కొనుక్కోడు. ఆ గీత దాటకుండా అమెరికా ట్రెజరీ (ప్రభుత్వ ఖజానా శాఖ) తన దగ్గరున్న వెండిని 1.29 డాలర్లకి అమ్ముతూ ధరని తొక్కిపట్టింది.

1965 జులై 23న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త నాణేల చట్టం మీద సంతకం చేశారు. డైము, క్వార్టర్లలో వెండి పూర్తిగా పోయింది. హాఫ్ డాలర్లో 40 శాతానికి తగ్గింది. ఆ రోజు ఆయన జనానికి ఒక హెచ్చరిక కూడా చేశారు: వెండి నాణేలు దాచుకున్నందువల్ల లాభమేమీ ఉండదు, ట్రెజరీ దగ్గర వెండి బోలెడుంది, ధరని అదుపులో ఉంచుతాం అని. రెండేళ్లు తిరక్కుండానే, 1967లో, ట్రెజరీ చేతులెత్తేసింది. ధర పైకి పోయింది. జాన్సన్ మాట విని దాచుకోనివాళ్లు నష్టపోయారు, విననివాళ్లు బాగుపడ్డారు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇదే.

ఇంకో తమాషా ఉంది. చిల్లర కరువుకి కారణం నాణేలు సేకరించేవాళ్లేనని టంకశాల నమ్మింది. అందుకని 1965, 66, 67 నాణేల మీద ఏ టంకశాలలో ముద్రించారో చెప్పే అక్షరం తీసేశారు. అంతకుముందు నుంచే 1964 తేదీనే కొనసాగిస్తూ ముద్రించమని చట్టసభ అనుమతి ఇచ్చింది. అలా 1964 తేదీ ఉన్న క్వార్టర్లే 120 కోట్లకు పైగా వచ్చాయి. సేకరణదారుల మీద కోపంతో చేసిన ఆ పని, ఇవాళ్టి పరిగె ఏరేవాళ్లకి ఎక్కువగా దొరికే తేదీని తయారుచేసి పెట్టింది.

చెడ్డ డబ్బు మంచి డబ్బుని తరిమేస్తుందని గ్రెషామ్ సూత్రం డిగ్రీలో బట్టీ పట్టాం. అమెరికాలో 1965 తర్వాత నాలుగేళ్లు అది కళ్లముందు జరిగింది. కొత్త బిళ్ల ఖర్చుపెట్టారు, పాత బిళ్ల డబ్బాలో వేసుకున్నారు. వెండి నాణేలు కరిగించడాన్ని 1967లో నిషేధించి, 1969లో ఎత్తేశారు. అది మొదటి కోత. రెండో కోత 1980లో. టెక్సాస్‌కి చెందిన హంట్ సోదరులు వెండి అంతా కొనేసే ప్రయత్నంలో ధరని ఆ జనవరిలో 50 డాలర్ల దగ్గరికి తీసుకెళ్లారు. జనం అమ్మమ్మల వెండి చెంచాలతో పాటు డబ్బాల్లోని బిళ్లలూ తెచ్చి కొలిమిలో పోశారు. మార్చి 27న ధర కుప్పకూలింది గానీ, కరిగిన బిళ్లలు తిరిగి రాలేదు.

మరి ఇన్ని కోతల తర్వాత చేలో ఇంకా గింజ ఎందుకుంది? ఎందుకంటే అమెరికా ఆ పాత బిళ్లల్ని రద్దు చేయలేదు. 1943 నాటి డైము ఇవాళ్టికీ చట్టప్రకారం 10 సెంట్లే. ఆ బ్యాంకు కౌంటర్లో చెల్లుతుంది, ఈ కిరాణా కొట్లో చెల్లుతుంది. మన దగ్గర కథ వేరు. అమ్మమ్మలు బంగారాన్ని రూపాయెత్తు అని తూచేవారు గుర్తుందా? ఆ రూపాయి తులం బరువు, అందులో నూటికి దాదాపు 92 వంతులు వెండి. బ్రిటిష్ ప్రభుత్వం 1940లో దాన్ని 50 శాతానికి దించింది, 1947 నాటికి నికెల్ చేసింది. అక్కడితో ఊరుకోకుండా, పాత వెండి రూపాయల్ని ఒక్కో రాజు బొమ్మ చొప్పున చెలామణి నుంచి తీసేసింది. కాబట్టి హైదరాబాద్‌లో ఏ బ్యాంకుకెళ్లి చిల్లర మూటలు విప్పినా అయిదో జార్జి కనబడడు. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం హాలీ సిక్కా అసలే కనబడదు. అవి ఉంటే పూజగదిలో లక్ష్మీదేవి పటం ముందుంటాయి, లేదా ఎప్పుడో కరిగి కడియాలై ఉంటాయి. మనకి పరిగె ఏరే చేనే లేదు.

అమెరికా చేలో మిగిలిన గింజలు ఎక్కువగా హాఫ్ డాలర్లలోనే ఉంటాయి. 1963 నవంబరులో కెన్నెడీ హత్య జరిగింది. 1964లో ఆయన బొమ్మతో వచ్చిన హాఫ్ డాలర్‌ని జనం క్యూలు కట్టి తీసుకెళ్లి జ్ఞాపకంగా దాచుకున్నారు. ఆ దెబ్బకి 50 సెంట్ల బిళ్ల రోజువారీ వాడకంలోంచి జారిపోయింది, మళ్లీ రాలేదు. 2002 నుంచి 2020 దాకా మామూలు చెలామణి కోసం దాన్ని ముద్రించనే లేదు. జేబుల్లో తిరగని నాణెం బ్యాంకు ఖజానాల్లో నిద్రపోతుంది. పైగా వెండి 1964తో అయిపోయిందని చాలామందికి ఒక గుడ్డి గుర్తు. 1965 నుంచి 1970 దాకా హాఫ్ డాలర్లలో 40 శాతం వెండి ఉందన్న సంగతి తెలియక వదిలేస్తారు. నికెల్ అని పిలిచే 5 సెంట్ల బిళ్ల కూడా అంతే. రెండో ప్రపంచ యుద్ధంలో నికెల్ లోహం ఆయుధాలకి కావాల్సి వచ్చి, 1942 నుంచి 1945 దాకా అందులో 35 శాతం వెండి కలిపారు. గుర్తు కోసం వెనకవైపు మాంటిచెల్లో అనే భవనం బొమ్మలో గుమ్మటం పైన పెద్ద అక్షరం వేశారు. మురికి పట్టి నల్లగా, ఎవరికీ అక్కర్లేనట్టుండే బిళ్ల అది.

అంటే ఇక్కడ వెండి మిగలడానికి చట్టం ఎంత కారణమో, తెలియనితనం అంతే కారణం. నా అసలు వాదన ఇదే. ధర పెరిగితే రోల్స్‌లో వెండి ఎక్కువ దొరుకుతుందనుకుంటారు. 2025 అక్టోబరులో ఔన్సు 50 డాలర్లు దాటి, 45 ఏళ్ల కిందటి రికార్డు చెరిగిపోయినప్పుడు కొత్తవాళ్లు చాలామంది ఉత్సాహపడ్డారు. నిజానికి జరిగేది తలకిందులు. ధర వార్తల్లోకి ఎక్కిన ప్రతిసారీ తెలిసినవాళ్ల సంఖ్య పెరుగుతుంది, చేనికి ఇంకా నలుగురు వస్తారు, రాలే వెన్నులు తగ్గుతాయి. తాత దాచిన డబ్బా దొరికిన మనవడు కూడా, బ్యాంకుకి వెళ్లేముందు ఫోనులో రేటు చూసుకుంటాడు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. గుండుగుత్తగా ఔన్సు 50 డాలర్లు వేసుకుంటే, వెండి డైములో 3 డాలర్ల 60 సెంట్ల వెండి ఉంటుంది. క్వార్టర్లో 9, పాత హాఫ్ డాలర్లో 18, 40 శాతం దాంట్లో 7 డాలర్ల పైచిలుకు. మొన్నటి శనివారం నా 2,500 డైముల్లో రెండు తేలాయి. ఒకటి 1964, ఇంకోటి 1943 నాటిది. ఆ రెండోదాని మీద రెక్కల టోపీ పెట్టుకున్న స్వేచ్ఛాదేవత ఉంటుంది. జనం మాత్రం మెర్క్యురీ దేవుడనుకుని దానికి మెర్క్యురీ డైము అని పేరు పెట్టేశారు. రెండున్నర గంటల పనికి 7 డాలర్లు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం కనీస వేతనమే గంటకి 7 డాలర్ల 25 సెంట్లు. మా ఆవిడ కాఫీ కప్పు పట్టుకుని వచ్చి లెక్క విని, "ఏమండీ, బ్యాంకుకి రెండు ట్రిప్పుల గ్యాస్ కూడా కలిపారా?" అంది. కలపలేదు.

అయినా జూదం కన్నా ఇది మేలు. లాటరీ టికెట్ తగలకపోతే కాగితం మిగులుతుంది. ఇక్కడ తగలకపోతే 250 డాలర్లూ తిరిగి బ్యాంకులో పడతాయి. పోయేది కాలమే. టెన్షన్ లేని ఆట అని చాలామంది దీనికి అలవాటుపడేది అందుకే.

కానీ ఖర్చు లేదనడం అబద్ధం. మన జేబులోంచి పోవడం లేదు, అంతే. బాక్సులు బ్యాంకుకి ట్రక్కులో భద్రంగా రావాలి, మనం వదిలేసిన చిల్లర మళ్లీ లెక్కపెట్టి తిరిగి పంపాలి. ఒక చోట కొని, అవే బిళ్లలు మళ్లీ తన చేతికి రాకూడదని ఇంకో చోట కుమ్మరించడం ఈ సరదాలో మొదటి పాఠం. వాటిని పికప్ బ్యాంక్, డంప్ బ్యాంక్ అంటారు. డంప్ బ్యాంక్ వాళ్లకి ఇందులో ఒరిగేది సున్నా. ఒక బ్రాంచిలో మేనేజరు "ఇది బ్యాంకు సార్, నాణేల దుకాణం కాదు" అన్నట్టు మాట్లాడితే ఆ పూట నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆయనదే న్యాయం అనిపించింది. 2020లో కరోనా రోజుల్లో చిల్లర తిరగడం ఆగిపోయి, ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) మామూలు బ్యాంకులకి నాణేలు కోటా ప్రకారం ఇవ్వాల్సి వచ్చింది. ఆ సమయంలో కూడా బాక్సులు కావాలని పోట్లాడినవాళ్లు ఉంటే, వాళ్ల తరఫున నేను మాట్లాడను.

ఇంకొక ఇబ్బంది నైతికమైనది. రోల్లో దొరికినది ఎవరిదో తెలియదు, తీసుకోవడంలో తప్పు లేదు. ఈ సరదా ఉన్నవాళ్లు కొందరు, బ్యాంకు కౌంటర్లో డబ్బు ఇచ్చిపుచ్చుకునే టెల్లర్లకి ఫోను నంబర్లు ఇచ్చి, ఎవరైనా ముసలావిడ పాత బిళ్లలు తెస్తే కబురు చెప్పమంటారు. ఆమె 25 సెంట్లు అనుకుని ఇచ్చే బిళ్ల 9 డాలర్లదని తెలిసీ, ఎదురుగా నిలబడి నోరు మూసుకోవడం పరిగె కాదు. కోతకి ముందే పక్కవాడి చేలో దూరడం.

సూపర్ మార్కెట్లలో చిల్లర లెక్కపెట్టే మెషీన్లు ఉంటాయి. ఎప్పుడు వెళ్లినా వాటి కింద, తిరస్కరించిన నాణేలు పడే చిన్న గిన్నెలో ఓసారి చెయ్యి పెట్టి చూస్తాను. 1965లో కొత్త రాగి–నికెల్ పొరల నాణేన్ని ఎంచుకోడానికి ఒక ముఖ్య కారణం, దాని విద్యుత్ లక్షణాలు వెండి నాణేనికి దగ్గరగా ఉండి వెండింగ్ మెషీన్లు దాన్ని వెండి అనుకుని పుచ్చుకోవడం. ఇప్పటి మెషీను రాగి–నికెల్‌కి అలవాటుపడి, అసలు వెండి వస్తే చాలాసార్లు నకిలీ అనుకుని కిందికి ఉమ్మేస్తుంది. ఆ బిళ్ల ఎందుకు రాలిందో అర్థంకాక, సామాను పట్టుకున్న మనిషి దాన్ని అక్కడే వదిలి వెళ్లిపోతాడు.

నాకు ఎప్పుడూ రోల్స్ ఇచ్చే టెల్లర్ ఒకావిడ ఉంది. చిల్లర తిరిగివ్వడానికి వెళ్లినప్పుడు, ఇవన్నీ ఏం చేస్తారని ఆ మొన్నటి డైముల రోజున అడిగింది. జేబులోంచి 1943 డైము తీసి, పక్కన ఇప్పటి బిళ్ల పెట్టి, ఎర్ర గీత చూపించాను. ఆవిడ తన క్యాష్ డ్రాయర్ తెరిచి, డైముల అరలోంచి గుప్పెడు తీసి, అంచులు వరసగా నిలబెట్టింది. తర్వాత క్వార్టర్లు కూడా తీసింది. ఆ కౌంటర్ దగ్గర చేత్తో రోల్స్ చుట్టి ఇచ్చేది ఆవిడే. అప్పట్నుంచి ఆ రోల్స్‌లో నాకు ఒక్క తెల్ల అంచు కూడా కనబడలేదు.