ఫ్రిజ్ తలుపు మీది కాగితం

ఫలానా క్లినిక్ ఎలా ఉంటుందని అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఒకటే: డాక్టర్ హస్తవాసి మంచిది, ఓపిగ్గా వింటారు, ఎక్కువసేపు కూర్చోబెట్టరు. ఇవన్నీ కావాల్సినవే. అయితే రోగిని కాపాడే పనుల్లో సగం వెనక గదిలో, రోగి కంటపడకుండా జరుగుతాయి. తనిఖీకి వచ్చేవాళ్లు గోడమీది సర్టిఫికెట్లు, నేల మెరుపు చూసి సంతకం పెట్టి పోతే లాభం లేదు. ముందు ఫ్రిజ్ తెరవాలన్నది మా మాట.

టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వేడి తగిలితేనే పాడవుతాయన్న అపోహ ఇంకా పోలేదు. ధనుర్వాతం, కోరింతదగ్గు, హెపటైటిస్-బి టీకాల్లో సాధారణంగా అల్యూమినియం లవణం ఉంటుంది. ఒక్కసారి గడ్డకట్టాయంటే ఆ రేణువులు ముద్దకట్టి మందు శక్తి పోతుంది, కరిగాక తిరిగి రాదు. సీసా చూస్తే ఏ తేడా తెలియకపోవచ్చు. సూది వేస్తారు, కార్డులో రాస్తారు, బిడ్డకు రక్షణ మాత్రం అందదు. ఇళ్లలో వాడే ఫ్రిజ్‌తో ఈ చిక్కు మరీ ఎక్కువ: వెనక గోడకు ఆనించిన పెట్టె గడ్డకడుతుంది, తలుపు అరలో పెట్టింది తెరిచినప్పుడల్లా వేడెక్కుతుంది.

అందుకే కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు రెండూ చూపే థర్మామీటర్ పెట్టి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చదివి రాసి, ప్రతిసారీ రీసెట్ చేయాలి. రీసెట్ మరిచిపోతే ఎప్పటిదో పాత అంకెనే రోజూ ఎక్కిస్తుంటారు. తలుపు మీది కాగితంలో నెలంతా ‘4, 4, 4’ అని ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో కనిపిస్తే అది ఒక్క పూట కూర్చుని నింపిన కాగితమే. నిజంగా చూసి రాసిన కాగితంలో అంకెలు కదులుతాయి. ఒకరోజు 11 ఉంటుంది, పక్కనే ‘ప్లగ్గు ఊడింది, టీకాలు వాడకుండా విడిగా పెట్టాం’ అని ఉంటుంది. ఆ 11 చూసి కసురుకునే అధికారి పుణ్యమా అని మర్నాటి నుంచి మళ్లీ నాలుగులు మొదలవుతాయి.

టీకా పొడిలో కలిపే ద్రవం పక్కన మరే మందు సీసా ఉండకూడదు. 2018లో పసిఫిక్ దీవి దేశం సమోవాలో ఎమ్మెమ్మార్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా వేసిన కాసేపటికే ఇద్దరు పసిబిడ్డలు చనిపోయారు. నీటికి బదులు, ఆపరేషన్లలో కండరాలను సడలించడానికి వాడే మందు, అదీ కాలంచెల్లినది, కలిపారు. దాంతో టీకాలు నెలలపాటు ఆగిపోయాయి, జనానికి నమ్మకం సడలింది. మరుసటి ఏడాది తట్టు చెలరేగి 83 మందిని పొట్టనపెట్టుకుంది, వాళ్లలో ఎక్కువమంది చిన్నపిల్లలే. సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు, సిరంజిలోకి లాగే ముందు, పారేసే ముందు లేబుల్ చదవమనేది ఇందుకే.

ఇక రిపోర్టులు. ‘ఫోన్ రాలేదంటే అంతా బాగున్నట్టే’ అన్న మాట క్లినిక్‌లో ఎవరూ అనకూడదు. శాంపిల్ ల్యాబ్‌కు చేరకపోయినా ఫోన్ రాదు. సెలవులో ఉన్న డాక్టర్ పేరిట రిపోర్టు వచ్చి పడి ఉన్నా రాదు. రోగి నంబరు మారినా రాదు. విరుగుడు ఖరీదైనదేమీ కాదు. ఒక పుస్తకం, నాలుగు గళ్లు: ఎప్పుడు పంపారు, ఎప్పుడొచ్చింది, ఎవరు చూశారు, రోగికి ఎప్పుడు చెప్పారు. వారానికోసారి ఒకరు కూర్చుని ఖాళీ గళ్లు వెతికి పట్టుకోవాలి. రక్తంలో పొటాషియం ప్రాణం మీదికి తెచ్చేంతగా పెరిగి 6.5 దాటిన రిపోర్టుకు వారం దాకా ఆగే తీరిక ఉండదు. ల్యాబే ఫోన్ చేయాలి, ఎత్తినవాళ్లు ఆ అంకెను తిరిగి చదివి వినిపించి, తమ పేరు, టైము రాసుకోవాలి.

పాత చీటీ చూసి మళ్లీ రాసిచ్చే మందులదీ ఇదే తంతు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. ‘చెప్పినట్టు వాడండి’ అని రాస్తే సరిపోదు, ‘సోమవారం మాత్రమే’ అని వారం పేరు చీటీ మీద పడాలి. రక్తపరీక్ష రిపోర్టు చూడకుండా మళ్లీ రాయకూడదు.

పరికరాల పొట్లాం మీది టేపు రంగు మారితే ఆటోక్లేవ్ (ఆవిరితో పరికరాలను శుద్ధిచేసే యంత్రం) వేడి తగిలిందని తెలుస్తుంది, అంతే. లోపల సూక్ష్మజీవులు చచ్చాయో లేదో తేల్చేది స్పోర్ పరీక్ష, అంటే మొండి సూక్ష్మజీవుల బీజాలను లోపల పెట్టి అవి చచ్చాయేమో చూడటం. ఆ పుస్తకమూ చూడాలి.

టీకా వేశాక కాసేపు కూర్చోమనేది ముఖ్యంగా అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన ఎలర్జీ, భయంతో. అది ముంచుకొస్తే పెద్దవాళ్లకు, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉండే అడ్రినలిన్ 0.5 మిల్లీలీటరు తొడ బయటివైపు కండలోకి ఇవ్వాలి. తగ్గకపోతే 5 నిమిషాలకు మరోసారి. ఆ అడ్రినలిన్ ఎక్కడుందో డాక్టర్‌ను కాదు, రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్లను అడగాలి, గడియారం చూస్తూ అడగాలి. బీరువాకు తాళం ఉండి, తాళంచెవి సాయంత్రం డ్యూటీకి వచ్చే సిస్టర్ దగ్గరుందని చెప్తే, ఆ పూటకు అక్కడ సూదులు ఆపించాల్సిందే.