గులాబీ డీపీ వెనక ఎవరు?

బిజినెస్ కోసం కొత్త సిమ్ కొన్నవాళ్లు ఈమధ్య దానికి 'వార్మప్' చేయిస్తున్నారు, పరుగుపందేనికి దిగేవాడి పిక్కలకు చేయించినట్టు. సిమ్ వేసిన రోజే వాట్సాప్‌లో వెయ్యిమందికి ఆఫర్ కొడితే నంబర్ ఎగిరిపోతుంది కాబట్టి, ఓ పదిరోజులు అది మనిషిలా నటించాలట.

తెలిసినవాళ్ల ఆఫీసులో ఈ తతంగం కళ్లారా చూశాను. టేబుల్ మీద రెండు ఫోన్లు, వాటి ముందు ఒకే కుర్రాడు. కొత్త నంబర్‌కు గులాబీపువ్వు డీపీ, అబౌట్‌లో 'నవ్వుతూ బతకాలి'. కుడిచేతి ఫోన్లో "హాయ్ అండీ, ఎలా ఉన్నారు?" అని కొడతాడు. వెంటనే జవాబిస్తే రోబో అనుకుంటారని మూడు నిమిషాలు ఆగి, ఎడమచేతి ఫోన్లోంచి "బాగున్నానండీ, మీరు?" అంటాడు. మళ్లీ కుడిచెయ్యి, "ఏదో ఇలా." మరీ పొడిపొడిగా ఉందని వెనక నుంచి మేనేజర్ విసుక్కుంటే ఓ నవ్వుమొహం, ఓ వాయిస్ మెసేజ్ జోడించాడు, ఆ వాయిస్‌లో ఉన్నదల్లా సీలింగ్ ఫ్యాన్ చప్పుడు. నాలుగోరోజుకి రెండు ఫోన్లకీ అలకలు కూడా మొదలయ్యాయి. "నిన్న గుడ్ నైట్ చెప్పలేదేం?" అని ఎడమ. "పనిలో పడి మర్చిపోయానండీ, సారీ" అని కుడి. ఇంతలో వాళ్లమ్మ ఫోన్ చేస్తే, వార్మప్‌లో ఉన్నా తర్వాత చేస్తా అని కట్ చేశాడు.

పదకొండో రోజు ఎక్సెల్ షీటు దించారు. వెయ్యిమందికి 'ప్రియమైన కస్టమర్'. మధ్యాహ్నానికల్లా నంబర్ బ్యాన్. ఆఫీసంతా కాలుగాలిన పిల్లిలా తిరిగి చివరికి తేల్చిందేమిటంటే, ఇంకో నాలుగురోజులు గుడ్ మార్నింగ్‌లు పెట్టి ఉండాల్సిందట!

అయ్యా, అవతలివాడు 'రిపోర్ట్' నొక్కితే మీరు పంపిన చివరి ఐదు మెసేజ్‌ల దాకా వాట్సాప్ కంపెనీ చేతికి వెళ్తాయి. అక్కడ మీ గులాబీపువ్వును ఎవరు చూస్తారు? సరైన దారి దాచిపెట్టిందేమీ కాదు. వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 నుంచీ ఉంది. ఒకే మెసేజ్‌ను ఒకేసారి చాలామందికి పంపే మామూలు బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు, అదీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అంతకుమించి కావాలంటే మీ సాఫ్ట్‌వేర్‌ను నేరుగా వాట్సాప్‌కి కలిపే ఏపీఐ ఉంది, పంపబోయే మెసేజ్ నమూనాకి, అదే టెంప్లేట్‌కి, ముందే వాట్సాప్ ఆమోదం తీసుకోవాలి, కస్టమరే పలకరిస్తే 24 గంటలు మామూలుగా మాట్లాడుకోవచ్చు. వీటన్నిటికంటే ముందు ఒక షరతుంది, అవతలివాడు సరే అని ఉండాలి. పదిరోజులు ఫోన్‌తో ఫోన్‌కి కబుర్లు చెప్పించే ఓపిక ఉంది గానీ, మనిషిని ఒక్కమాట అడగడానికి మాత్రం నోరు రాదు.

అడిగితే వద్దంటారని తెలుసు కాబట్టి. ఆ షీటులో నంబర్లు ఎక్కడివో కూడా తెలుసు కాబట్టి. మా అమ్మ రక్తపరీక్ష రిపోర్టు కోసం ఓ ల్యాబ్‌లో నా నంబర్ రాసిచ్చాను. రిపోర్టు రాకముందే షుగర్ మందు ఆఫర్ వచ్చింది. అమ్మకు షుగరుందని నాకంటే ముందు ఎవడికో తెలిసింది! ఎవడిచ్చాడురా నీకా నంబర్? ఎంతకి అమ్మారు? దాన్ని 'డేటాబేస్' అని ముద్దుగా పిలుచుకుంటున్నారే, అది మా ఇంట్లోవాళ్ల జబ్బుల చిట్టా, సిగ్గులేదా?

నిన్న మళ్లీ ఓ కొత్త నంబర్. గులాబీపువ్వు డీపీ. "హాయ్ అండీ, ఎలా ఉన్నారు?"

వెంటనే నొక్కితే నన్ను రోబో అనుకుంటారేమోనని మూడు నిమిషాలు ఆగి, అప్పుడు రిపోర్ట్ నొక్కాను.