ఇంగ్లండ్ క్లబ్బులకు మన కుర్రాళ్లే దిక్కు

కంప్యూటర్‌లో మనమే మేనేజరై క్లబ్బును నడిపే ఫుట్‌బాల్ మేనేజర్ గేమ్ మరీ తేలికైపోయిందనీ, అసలు ఫుట్‌బాల్‌తో దానికి పొంతనే లేకుండా పోయిందనీ పాతకాపులు కొందరు గొణుగుతున్నారు. నేను ఒప్పుకోను. గేమ్ సరిగ్గానే ఉంది. తప్పంతా ఫుట్‌బాల్‌ది.

ఇంగ్లండ్ ఆరో డివిజన్‌నే తీసుకోండి. అక్కడ చాలామంది ఆటగాళ్లు పగలంతా వేరే పని చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకి వస్తారు. గేమ్‌లో అలాంటి జట్టుకు గెగెన్‌ప్రెస్ ఆన్ చేసి చూడండి. అంటే బంతి పోగానే అందరూ కలిసి మీదపడి లాక్కోవడం. లివర్‌పూల్‌కు 2015లో వచ్చిన యూర్గెన్ క్లాప్ ఇదే ఆటతో లీగ్ టైటిల్ గెలిచేసరికి 2020 అయింది. మన ప్లంబర్లకు, ఎలక్ట్రీషియన్లకు ప్రీ సీజన్, అంటే లీగ్ మొదలయ్యే ముందు ప్రాక్టీసు, చాలు. ఎనభయ్యో నిమిషంలోనూ ఒక్కడికీ ఆయాసం రాదు. ఐదు ప్రమోషన్లు కొడితే అన్నిటికంటే పైనున్న ప్రీమియర్ లీగ్. దసరా సెలవులు కలిసొస్తే ఇంకా ముందే.

1974లో మేనేజర్ బ్రయన్ క్లఫ్ లీడ్స్ క్లబ్బులో 44 రోజులే నిలబడ్డాడు. సీనియర్లకు ఆయన గిట్టలేదు. అదే గేమ్‌లో అయితే అలిగినవాణ్ణి పిలిచి, "నీ మీద నాకు నమ్మకం ఉంది" అనే జవాబు ఎంచుకుంటే సరి, వాడి ముఖం పక్కన ఆకుపచ్చ రంగు వెలుగుతుంది, అలక తీరినట్టే. ఈ చిన్న కిటుకు అంత పెద్దాయనకు తట్టకపోవడమే విడ్డూరం. మరో మేనేజర్ యాంజ్ పోస్టెకోగ్లూ కథ ఇంకా జాలి. 2025 మేలో టాటెన్‌హామ్‌కు యూరోపా లీగ్ కప్పు తెచ్చాడు, 16 రోజులకు ఉద్యోగం పోయింది. తర్వాత నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో చేరితే 39 రోజులకే సాగనంపారు. చెల్సీ చేతిలో 0-3తో ఓడిన వెంటనే, గేమ్‌లో మనం చేసినట్టు, మ్యాచ్‌కు ముందు దాచుకున్న సేవ్ ఫైల్ లోడ్ చేసుకుని మళ్లీ ఆడి ఉంటే ఈ పాటికి అక్కడ ఆయన విగ్రహం ఉండేది.

సవాలు కావాలని ఏడ్చేవాళ్లనూ గేమ్ తయారీదార్లు చిన్నబుచ్చలేదు. 2025 ఎడిషన్‌ను ఏకంగా రద్దు చేశారు. అందులో ఒక్కడంటే ఒక్కడు కప్పు గెలవలేకపోయాడు. ఇంతకంటే కఠినమైన ఎడిషన్ చరిత్రలో లేదు! తర్వాతి ఎడిషన్ విడుదలైనప్పుడు జాతీయ జట్లను నడిపే వీలు లేకుండా చేశారు. దేశాల పరువు గురించి ఆలోచించి ఉంటారు.

వాస్తవికత మీద అంత మోజుంటే హైదరాబాద్ ఎఫ్‌సీ చరిత్ర చదువుకోండి. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఛాంపియన్. 2025లో ఊరు మారి, పేరు మారి ఢిల్లీ క్లబ్బైపోయింది. ఆ సీజన్లో అసలు లీగ్ ఎప్పుడు మొదలవుతుందో కూడా నెలల తరబడి ఎవరూ చెప్పలేకపోయారు. ఆ కష్టం గేమ్‌లో పెడితే డబ్బు పెట్టి ఎవడు కొంటాడు?

అందుకని ఇంగ్లండ్ క్లబ్బుల యజమానులకు నా సలహా: మేనేజర్ పోస్టు ఖాళీ అయితే అమీర్‌పేట హాస్టళ్లలో ఈ గేమ్ ఆడే కుర్రాళ్ల కోసం వాకబు చేయండి. అర్హత, అనుభవం, యూరప్ కప్పులు అన్నీ ఉన్నాయి. మ్యాచ్‌కు ముందు సేవ్ చేసుకునే సౌకర్యం మాత్రం కాంట్రాక్టులో రాసివ్వాలి.