వెనిస్‌కి టికెట్ దొరుకుతుంది, వెనిస్‌లో ఇల్లే దొరకదు

2024 ఏప్రిల్ 25 నుంచి వెనిస్ చూడాలంటే ఊళ్లోకి రావడానికే టికెట్ కొనాల్సి వస్తోంది. ఏడాదంతా కాదు. ఎంచుకున్న కొన్ని రోజుల్లో, పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా, రాత్రి బస చేయకుండా చూసి వెళ్లిపోయేవాళ్లు తలా 5 యూరోలు కట్టాలి. మొదటి ఏడాది ఇలా 29 రోజులు వసూలు చేశారు. 2025లో 54 రోజులకు పెంచి, ముందుగా బుక్ చేసుకోకుండా చివర్లో కొనేవాళ్లకు 10 యూరోలు చేశారు. శాంతా లూచియా స్టేషన్‌లో రైలు దిగి బయటికి వస్తే ఎదురుగా గ్రాండ్ కెనాల్. ఆ పచ్చటి నీళ్లను కళ్లారా చూసేలోపే ఎవరో ఒకరు వచ్చి ఫోన్‌లో క్యూఆర్ కోడ్ చూపించమంటారు. లేదంటే 50 నుంచి 300 యూరోల దాకా జరిమానా.

నగరానికి డబ్బయితే వచ్చింది. మొదటి ఏడాది సుమారు 24 లక్షల యూరోలు, రెండో ఏడాది 54 లక్షల దాకా. జనం తగ్గారా అంటే, తగ్గలేదు సరికదా కొన్ని రోజుల్లో ముందటి ఏడాది కంటే ఎక్కువ వచ్చారని నగర కౌన్సిల్లో ప్రతిపక్షం లెక్కలతో సహా ఎత్తిచూపింది. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాడి దగ్గర వసూలు చేస్తున్నారు. ఊరు ఖాళీ అవుతున్నది మాత్రం అక్కడ రాత్రి పడుకునేవాడి వల్ల, ఆ మంచం అద్దెకిచ్చేవాడి వల్ల. ఈ ఇద్దరికీ టికెట్ వర్తించదు.

ఆ పొద్దున వచ్చేవాడు ఎవరో మనకు బాగా తెలుసు, ఎందుకంటే చాలాసార్లు అది మనమే. హైదరాబాద్ నుంచి వెళ్లే పది, పన్నెండు రోజుల యూరప్ ప్యాకేజీల్లో వెనిస్‌కి దక్కేది సాధారణంగా ఒక పూట. దీవిలో హోటళ్ల రేట్లు మండిపోతుంటాయి కాబట్టి బస ఒడ్డునున్న మెస్త్రేలోనో, ఇంకా అవతల పాదువాలోనో ఉంటుంది. పొద్దున్నే బస్సు దీవి అంచున త్రొంకెత్తో అనే బస్సుల స్టాండులో దింపుతుంది. అక్కడి నుంచి పడవలో ఊరి ప్రధాన చౌకు శాన్ మార్కో. గంట స్తంభం ముందు గ్రూప్ ఫొటో, తర్వాత గొండోలా. అరగంటకు 90 యూరోలు, మనిషికి కాదు, పడవకి. ఐదుగురు ఎక్కొచ్చు. (గొండోలా అంత ఖరీదు ఎందుకనుకునేవాళ్లు గ్రాండ్ కెనాల్ దాటించే త్రగెత్తో ఎక్కొచ్చు. అదీ గొండోలా లాంటి పడవే, 2 యూరోలిస్తే అవతలి ఒడ్డుకి చేరుస్తారు. ఈ మాట గైడ్లు పెద్దగా చెప్పరు.) మధ్యాహ్నం మూడు దాటాక మళ్లీ బస్సు, రాత్రికి ఇండియన్ డిన్నర్.

ఈ ప్రయాణికుడికి 5 యూరోలు ఒక లెక్కా? షెంగెన్ వీసాకే పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆపైన వీసా సెంటర్ సర్వీస్ చార్జీ. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, వేలిముద్రలు, పాస్‌పోర్ట్ తిరిగి వచ్చేదాకా టెన్షన్. ఇంతా చేసి విమానం ఎక్కిన మనిషి 5 యూరోల కోసం వెనిస్ మానుకుంటాడా? ప్యాకేజీలో ఆ మొత్తం ఎక్కడ కలిసిపోయిందో కూడా అతనికి తెలియదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. మెస్త్రే పాలనాపరంగా వెనిస్ మునిసిపాలిటీలో భాగం. అక్కడి హోటల్లో పడుకున్నవాళ్లు గది బిల్లుతో పాటు టూరిస్టు పన్ను కడతారు కాబట్టి ప్రవేశ రుసుము నుంచి మినహాయింపు. పాదువాలో పడుకుంటే ఆ మినహాయింపు లేదు, కట్టాల్సిందే. రెండు బస్సుల వాళ్లూ దిగేది ఒకే చోట, నిలబడేది ఒకే చౌకులో, ఉండేది అదే మూడు నాలుగు గంటలు. రద్దీ తగ్గించడానికి రాసిన నిబంధన అయితే ఈ తేడా ఎలా వస్తుంది? ఖజానా నింపడానికి రాసింది అయితే అర్థమవుతుంది.

తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ తీసుకున్న ఎవరికైనా ఇది వెంటనే తట్టాలి. అక్కడ జనాన్ని ఆపేది ధర కాదు, కోటా. నెల కోటా అయిపోయిందంటే అయిపోయినట్టే, మూడు వేలిస్తామన్నా ఆన్‌లైన్లో స్లాట్ దొరకదు. వెనిస్ టికెట్‌కు అలాంటి కోటా లేదు. లక్షమంది వచ్చినా లక్ష టికెట్లు అమ్ముతారు.

ఇక మంచాల సంగతి. రియాల్టో వంతెనకు కూతవేటు దూరంలో, కాంపో శాన్ బర్తొలొమియోలో ఒక మందుల షాపు ఉంది. దాని అద్దంలో 2008 నుంచి ఒక ఎలక్ట్రానిక్ బోర్డు వెలుగుతోంది. ఎర్ర అంకెల్లో ఒకే ఒక్క సంఖ్య: చారిత్రక వెనిస్‌లో ఇవాళ ఎంతమంది నివాసం ఉంటున్నారన్నది. పెట్టిన కొత్తలో 60 వేల పైన చూపించేది. 2022 ఆగస్టులో 50 వేల కిందికి దిగింది. 2023లో నివాసహక్కుల కోసం పోరాడే ఓచియో అనే స్థానికుల బృందం ఇంకో చోట, ఒక పుస్తకాల షాపు కిటికీలో, దీనికి జోడీగా రెండో బోర్డు పెట్టింది. అందులో పర్యాటకుల మంచాల సంఖ్య ఉంటుంది. అదే ఏడాది సెప్టెంబరుకు మంచాలు 49,693, మనుషులు 49,304. ఊళ్లోవాళ్ల కన్నా ఊరికి వచ్చేవాళ్లకు పరిచిన పడకలు ఎక్కువయ్యాయి.

అలాగని నేరమంతా పర్యాటకుల మీదికి తోసేయడం కూడా అన్యాయమే. 1951లో ఇక్కడ సుమారు 1.75 లక్షలమంది ఉండేవాళ్లు. 1980ల మొదటికే లక్ష లోపుకు పడిపోయారు. అప్పటికి ఆన్‌లైన్లో ఇల్లు అద్దెకిచ్చే కంపెనీ ఏదీ పుట్టలేదు. మెస్త్రే పక్కనున్న మార్గెరా ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు, మెస్త్రేలో లిఫ్టు ఉన్న ఫ్లాటు, ఇంటి ముందు కారు పెట్టుకునే వీలు, ఇవన్నీ జనాన్ని ఒడ్డుకు లాగాయి. 1966 నవంబరు 4న నీరు 194 సెంటీమీటర్లకు ఎక్కినప్పుడు కింది అంతస్తుల్లో బతుకు ఎంత గడ్డో తేలిపోయింది. పోయినవాళ్లు అలా పోయారు. ఇప్పుడు సమస్య, తిరిగి రావాలనుకున్నవాడికి దారి లేకపోవడం. 2020 అక్టోబరు నుంచి మోజే అడ్డుకట్టలు, మొత్తం 78 గేట్లు, పోటు ఎక్కువైనప్పుడు లేచి సముద్రాన్ని బయటే ఆపేస్తున్నాయి. కాలు తడవకుండా బతకొచ్చు. కానీ ఖాళీ అయిన ఇంటి యజమానికి నర్సుకో టీచర్‌కో నెల అద్దెకిచ్చే దానికన్నా టూరిస్టుకు రాత్రి లెక్కన ఇస్తే ఎక్కువ గిట్టుబాటు అవుతోంది. సముద్రానికి గేట్లు కట్టినవాళ్లు దీనికి కట్టలేదు.

కట్టడానికి అధికారం లేక కాదు. పర్యాటక అద్దెలకు హద్దు పెట్టుకునే వీలు కల్పిస్తూ 2022లో ఇటలీ పార్లమెంటు ఒక్క వెనిస్ కోసమే ప్రత్యేక నిబంధన తెచ్చింది. దాన్ని వాడుకోవడంలో నగరం టికెట్ విషయంలో చూపిన తొందర చూపలేదు. ఎందుకో తెలియాలంటే ఓట్ల దగ్గరికి వెళ్లాలి. 1926లో మెస్త్రేను వెనిస్‌లో కలిపారు. ఇవాళ మునిసిపాలిటీ మొత్తం జనాభా సుమారు రెండున్నర లక్షలు, అందులో ఎక్కువమంది ఉండేది ఒడ్డునే. దీవి భవిష్యత్తు ఏమిటో తేల్చే మేయర్‌ని ఎన్నుకునేది ప్రధానంగా దీవిలో ఉండనివాళ్లు. వేరుపడదామని ఇప్పటికి ఐదుసార్లు రెఫరెండం జరిగింది. చివరిది 2019 డిసెంబరు 1న. ఓటేసినవాళ్లలో ఎక్కువమంది విడిపోదామనే అన్నారు గానీ, సగం మందైనా పోలింగ్‌కు రావాలన్న షరతు దగ్గర ఆగిపోయింది, వచ్చింది పావు వంతు కన్నా తక్కువ. ఐదో వంతు ఓట్లున్నవాళ్లు తమ వీధుల్లో అద్దెల మీద ఆంక్షలు కావాలంటే మిగతా నాలుగు వంతులకు తొందరేముంటుంది? టికెట్ అయితే ఎవరికీ నొప్పి లేదు. కట్టేవాడికి ఇక్కడ ఓటు లేదు.

ఓడల కథ వింటే ఒక చోట మూసిన తలుపు ఇంకో చోట ఎలా తెరుచుకుంటుందో తెలుస్తుంది. 2019 జూన్ 2న ఎంఎస్‌సీ ఒపేరా అనే భారీ క్రూజ్ ఓడ జుదెక్కా కెనాల్‌లో అదుపు తప్పి రేవునూ, ఆగి ఉన్న పర్యాటక పడవనూ గుద్దింది. కొందరు గాయపడ్డారు. ఏళ్ల తరబడి స్థానికులు మొత్తుకుంటున్నది ఆ వీడియోతో ప్రపంచానికి ఎక్కింది. 2021 ఆగస్టు 1 నుంచి 25 వేల టన్నులకు మించిన ఓడలు, 180 మీటర్ల కన్నా పొడవైనవి శాన్ మార్కో ముందు నుంచి వెళ్లడం బంద్. ఇది మంచి నిర్ణయం, రుసుము పెట్టకుండా నిషేధం పెట్టారు కాబట్టే పనిచేసింది. చర్చి గోపురాల కన్నా ఎత్తుగా కదిలే తెల్లటి గోడ ఇప్పుడు కనపడదు. ఓడల్లోవాళ్లు మాత్రం రావడం మానలేదు. కొన్ని ఓడలు మార్గెరా పారిశ్రామిక రేవుకు, కొన్ని వేరే ఊళ్ల రేవులైన త్రియెస్తేకు, రవెన్నాకు మళ్లాయి. అక్కడి నుంచి బస్సులు ఎక్కి జనం వెనిస్‌కే వస్తున్నారు.

ఆడ్రియాటిక్ సముద్రం అవతలి ఒడ్డున, క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ ఈ విషయంలో కాస్త తెలివిగా వ్యవహరించింది. అది చిన్న ఊరు, చుట్టూ దాదాపు 2 కిలోమీటర్ల కోటగోడ, మధ్యలో పాలరాయిలా మెరిసే స్ట్రాడున్ వీధి. రోజుకు రెండు క్రూజ్ ఓడలే, అవీ ఒకేసారి వచ్చి పడకుండా వేళలు సర్దాలని 2019లో క్రూజ్ కంపెనీల సంఘంతో ఒప్పందం చేసుకుంది. ఓడలోని నాలుగు వేలమంది ఒకే గంటలో పీలే గేటు దగ్గర దిగితే ఊరు ఊపిరాడక గింజుకుంటుంది. అదే జనం పొద్దున కొందరు, మధ్యాహ్నం కొందరు వస్తే సర్దుకుంటుంది. రద్దీ అనేది ఏడాది మొత్తం లెక్క కన్నా ఏ గంటలో ఎంతమంది అన్నదాని మీద ఆధారపడుతుంది. ఆ ఊరి మేయర్‌కి అది అర్థమైంది. అయినా గోడల లోపల 1991లో 5 వేలమంది దాకా ఉన్న జనాభా ఇప్పుడు మూడో వంతుకు పడిపోయింది. వీధి తేలికపడినంత మాత్రాన ఇల్లు ఖాళీ కాకుండా ఆగలేదు. పాతపట్నంలో కొత్తగా అద్దె గదులకు పర్మిట్లు ఇవ్వబోమని ఆలస్యంగానైనా ప్రకటించారు.

మంచం జోలికి నేరుగా వెళ్లింది బార్సిలోనా. ఆ నగరంలో పర్యాటకులకు అద్దెకిచ్చేందుకు లైసెన్సులున్న ఫ్లాట్లు 10,101. వాటిలో ఒక్కదాన్ని కూడా రెన్యువల్ చేయబోమని, 2028 నవంబరు కల్లా అన్నీ మామూలు ఇళ్లు కావాలని మేయర్ జౌమె కొల్బోని 2024 జూన్‌లో ప్రకటించారు. మరుసటి నెలలోనే కొందరు నిరసనకారులు హోటళ్ల బయట కూర్చుని తింటున్న పర్యాటకుల మీద బొమ్మ తుపాకులతో నీళ్లు చల్లారు. టీవీల్లో ఆడింది ఆ నీళ్ల సంగతే, పదివేల ఫ్లాట్ల సంగతి పక్కకు పోయింది.

ఆ నిర్ణయంలో మనకూ వాటా ఉంది. సొంతంగా టూర్ ప్లాన్ చేసుకునే తెలుగు కుటుంబానికి కిచెన్ ఉన్న ఫ్లాటు అంటే ప్రాణం. సూట్‌కేసులో చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ సీసా, కందిపొడి. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని జర్మనీ నుంచో ఐర్లండ్ నుంచో దిగే కొడుకూ కోడలూ ఆరుగురికి ఒకే ఫ్లాటు తీసుకుని, పొద్దున పులిహోర కట్టుకుని ఊరు చూడ్డానికి బయల్దేరతారు. బస్సులో వచ్చి మూడు గంటల్లో వెళ్లిపోయే ప్యాకేజీ వాళ్లకన్నా తామే నయమైన ప్రయాణికులమని అనుకుంటారు కూడా. ఊరిని తీరిగ్గా చూస్తారు, వీధి చివరి కొట్లో పాలు, పెరుగు కొంటారు, నిజమే. కానీ అక్కడి అద్దెదారుకు పోటీ వచ్చేది ఈ కుటుంబమే, బస్సువాళ్లు కాదు. ఫ్లాట్లు మూతపడితే వీళ్లు రెండు మూడు హోటల్ గదులు తీసుకోవాలి, బయటే తినాలి. వెనిస్ టికెట్‌తో పోలిస్తే అది ఎన్నో రెట్లు భారం. ఈ భారం న్యాయమైనదేనని నా అభిప్రాయం. అయితే హోటళ్ల యజమానులు ఈ సందు చూసి రేట్లు పెంచకుండా ఉంటారని నేననుకోవడం లేదు. ఖాళీ అయిన ఫ్లాట్లు నిజంగా అద్దె ఇళ్లుగా మారకుండా కొన్ని నెలల తాత్కాలిక అద్దెల ముసుగులోకి జారుకునే ప్రమాదమూ ఉంది.

ఫ్లాట్ల యజమానులు ఊరుకోలేదు, విషయం కోర్టుల దాకా వెళ్లింది. దీనికి ఆధారమైన, బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతపు చట్టాన్ని స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం 2025 మార్చిలో సమర్థించింది. లైసెన్సుల గడువుకు ముందే, 2027 మేలో, మునిసిపల్ ఎన్నికలున్నాయి. బార్సిలోనాలో అద్దెలు కట్టేవాళ్లూ, ఓటేసేవాళ్లూ ఒకే నగరంలో ఉన్నారు. కొల్బోని మాట మీద నిలబడతారా, గడువు పెంచుతారా అన్నది అక్కడ తేలుతుంది.